కీలు నేర్పడమా, అడగడం నేర్పడమా: ఈమాక్స్ తొలి పాఠంలోని చిక్కుముడి

ఈమాక్స్ అనే టెక్స్టు ఎడిటర్ తెరిచి, కంట్రోల్ కీ పట్టుకుని హెచ్ నొక్కి, ఆ తరువాత విడిగా టి నొక్కితే ఒక పాఠం తెరుచుకుంటుంది. వీడియో లేదు, బొమ్మలు లేవు. మామూలు టెక్స్టు, అందులోనే మన కర్సర్. ఎడమ అంచున జంట బాణపు గుర్తులతో మొదలయ్యే వరుస ఎక్కడ కనిపిస్తే అక్కడ ఆగి, అది చెప్పిన పని అక్కడికక్కడే చేసి చూడాలి. మొదటి తెర మీద కొన్ని వాక్యాలు చదివాక చాలా ఖాళీ వస్తుంది. బోధన కోసమే ఇక్కడ ఖాళీ వదిలాము, పాఠం కింద కొనసాగుతుంది అని ఆ ఖాళీ మధ్యలో ఒక గమనిక ఉంటుంది. అది దాటాక తెర అడుగున మొదటి అభ్యాసం: కంట్రోల్–వి నొక్కి తరువాతి తెరకు వెళ్లండి. ఎన్ని ఖాళీ వరుసలు ఉండాలన్నది ముందే రాసిపెట్టిన సంఖ్య కాదు. చదివేవారి విండో ఎత్తు ఎంతో చూసి, అభ్యాసపు వరుస అడుగున పడేటట్లు ఈమాక్స్ అప్పటికప్పుడు లెక్కవేసి వాటిని చొప్పిస్తుంది. తెర మీద చదవవలసింది అయిపోయి, ఇక ముందుకు ఎలా వెళ్లాలి అని అనిపించే క్షణానికి జవాబు కళ్లెదుట ఉంటుంది.

ఈ పాఠానికి పెద్ద వంశవృక్షమే ఉంది. తొలి ఈమాక్స్ కోసం స్టూవర్ట్ క్రాక్రాఫ్ట్ రాసిన పాఠం నుంచి తరతరాలుగా మారుతూ వచ్చినదే ఇదని దాని చివర రాసి ఉంటుంది. అయినా ప్రోగ్రామ్ చేయగల ఎడిటర్‌కు తొలి పాఠం ఎలా ఉండాలన్న ప్రశ్న ఇన్ని దశాబ్దాలలోనూ తేలలేదు. తొలి పాఠం అనే ఒక్క మాట కింద మూడు వేర్వేరు పనులు కలిసిపోయి ఉండడమే దానికి కారణం. వేళ్లకు అలవాటు చేయడం ఒకటి, పదజాలం నేర్పడం ఇంకొకటి, ఈ ఎడిటర్ అసలు ఎలాంటి వస్తువో తెలియజేయడం మూడవది. మొదటి రెండు పనులూ చాలావరకు బాగానే జరుగుతున్నాయి. మూడవదాన్ని మాత్రం తొలి పాఠం దాదాపుగా ముట్టుకోదు, తక్కిన రెండూ కష్టంగా తోచడానికి సగం కారణం కూడా అదేనని నా అభిప్రాయం.

ఎలాంటి వస్తువు ఇది

1976లో ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో, టెకో అనే పాత ఎడిటర్ మీద రాసుకున్న మాక్రోల, అంటే కొన్ని కమాండ్‌లను కలిపి ఒకే కమాండ్‌గా వాడుకునే ఏర్పాట్ల, సంపుటిగా ఈమాక్స్ పుట్టింది. పేరులోని మాక్ అన్న ముక్క మాక్రోల నుంచి వచ్చినదే. రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో విడుదల చేసిన గ్నూ ఈమాక్స్‌లో సి భాషలో రాసిన చిన్న గుండెకాయ ఒకటి ఉండి, దాని మీద తక్కిన ఎడిటర్‌లో అధికభాగం ఈమాక్స్ లిస్ప్ అనే భాషలో ఉంటుంది. ఎడిటర్ నడుస్తుండగానే ఆ లిస్ప్‌ను చదవవచ్చు, మార్చవచ్చు, మార్పు ఫలితం వెంటనే చూడవచ్చు.

దీని తాత్పర్యం పూర్తిగా తెలియాలంటే ఒక చిన్న ప్రయోగం చాలు. కంట్రోల్–హెచ్ తరువాత కె నొక్కితే, ఏ కీ గురించి తెలుసుకోవాలి అని ఈమాక్స్ అడుగుతుంది. అప్పుడు మామూలు ఎ అక్షరం నొక్కండి. ఈ కీ సెల్ఫ్–ఇన్సర్ట్–కమాండ్ అనే కమాండ్‌ను నడుపుతుంది అని జవాబు వస్తుంది. అంటే అక్షరం టైపు చేయడం కూడా ఇక్కడ ఒక ఫంక్షన్‌ను, పేరున్న ఒక చిన్న ప్రోగ్రామ్ ముక్కను, పిలవడమే. మనం కీలు నొక్కుతున్నామని అనుకుంటాము, నిజానికి ఫంక్షన్లను పిలుస్తున్నాము. ఏ కీకి ఏ ఫంక్షన్ అన్నది ఒక పట్టిక, ఆ పట్టికను ఎవరైనా తిరగరాయవచ్చు. ఈ ఒక్క విషయం తెలిసినవారికి కీల జాబితా ఒక పట్టికలా కనిపిస్తుంది. తెలియనివారికి అదే జాబితా అర్థం తెలియని మంత్రాల్లా కనిపిస్తుంది, మంత్రాలను కంఠస్థం చేయడం తప్ప వేరే దారి ఉండదు.

మామూలు సాఫ్ట్‌వేర్ పాఠానికీ దీనికీ తేడా ఇక్కడే వస్తుంది. ఒక బ్యాంకు యాప్ తొలిసారి తెరిచినప్పుడు, బ్యాలెన్సు చూడడానికి ఇక్కడ తాకండి అని బాణం గుర్తు చూపిస్తే సరిపోతుంది, ఎందుకంటే ఆ బటన్ రేపు కూడా అక్కడే ఉంటుంది, అందరికీ అక్కడే ఉంటుంది. ప్రోగ్రామ్ చేయగల ఎడిటర్‌లో ఆ హామీ లేదు. నేర్చుకునేవారి చేతిలో ఉన్న ఎడిటర్, పాఠం రాసినవారి ఎడిటర్ ఒకటే కానక్కరలేదు. స్నేహితుడి సెట్టింగుల ఫైలు కాపీ చేసుకుని మొదలుపెట్టేవారు తక్కువేమీ కాదు. అలాంటివారికి పాఠంలో చెప్పిన కీ ఇంకేదో పని చేస్తుంది. ఈమాక్స్ పాఠం ఈ సంగతిని గుర్తించి, తెరుచుకునేటప్పుడే తాను నేర్పబోయే కీలను ప్రస్తుత పట్టికతో పోల్చి చూస్తుంది. ఏ కీ అయినా మారి ఉంటే, ఆ వరుస కిందనే ఈ కీ మార్చబడింది, దీని బదులు ఫలానాది వాడవచ్చు అని హెచ్చరిక పెడుతుంది. బయటికి కనిపించని ఈ పని, నా లెక్కలో, ఆ పాఠం మొత్తంలో అత్యంత నిజాయితీ గల భాగం.

కొత్తగా పాఠం రాసేవారు ఇంకొక అడుగు ముందుకు వేయవచ్చు. ఈమాక్స్ సహాయ వాక్యాలలో కీ పేరు నేరుగా రాయకుండా ఫంక్షన్ పేరు ఒక ప్రత్యేక గుర్తుతో రాస్తే, చూపించే సమయంలో వాడుకరి పట్టికలో ఆ ఫంక్షన్‌కు ఏ కీ ఉందో అదే అక్కడ కనిపిస్తుంది. పాఠమంతా ఈ పద్ధతిలో రాస్తే కంట్రోల్–ఎన్ అన్న మాట పాఠంలో ఎక్కడా ఉండదు. కింది వరుసకు వెళ్లే ఫంక్షన్ పేరు మాత్రమే ఉంటుంది, కీ పేరు ఎవరిది వారికి కనిపిస్తుంది.

పాత మాటలు, పాత వేళ్లు

పదజాలం సంగతికి వస్తే, ఈమాక్స్ మాటలు నేటి మాటలకు అడ్డంగా తగులుతాయి. మనం కట్ అనే దాన్ని అది కిల్ అంటుంది, పేస్ట్‌ను యాంక్ అంటుంది. విమ్ అనే ఇంకొక ఎడిటర్‌లో అదే యాంక్ అన్న మాటకు కాపీ అని అర్థం, కాబట్టి ఒక ఎడిటర్ నుంచి ఇంకొక ఎడిటర్‌కు వెళ్లేవారికి మాట తెలిసి ఉండడం కూడా ఇబ్బందే. మనం విండో అనేది ఈమాక్స్‌లో ఫ్రేమ్. ఆ ఫ్రేమ్‌ను నిలువుగానో అడ్డంగానో చీల్చితే వచ్చే ముక్క విండో. ఎక్స్, సి, వి కీలతో కట్, కాపీ, పేస్ట్ చేయడం లోకమంతటికీ అలవాటు కాకముందే స్థిరపడిన మాటలు ఇవి.

ఈ అడ్డు ఎంత దూరం వెళుతుందో పక్కన కూర్చుని చూస్తే తెలుస్తుంది. ఏళ్ల తరబడి వేరే ఎడిటర్లు వాడిన ఒక విద్యార్థి ఈమాక్స్‌లో నాలుగు వాక్యాలు టైపు చేసి, ఒక వాక్యాన్ని మౌస్‌తో ఎంచుకుని, కట్ చేద్దామని కంట్రోల్–ఎక్స్ నొక్కుతారు. ఏమీ జరిగినట్లు కనిపించదు, ఎందుకంటే ఈమాక్స్‌లో కంట్రోల్–ఎక్స్ సగం కమాండ్ మాత్రమే. తరువాతి కీ కోసం అది ఎదురుచూస్తూ ఉంటుంది. కట్ కాకపోతే పోనీ, కాపీ అయినా చేద్దామని విద్యార్థి కంట్రోల్–సి నొక్కుతారు. కంట్రోల్–ఎక్స్, కంట్రోల్–సి వరుసగా వస్తే ఈమాక్స్ నుంచి నిష్క్రమించమని అర్థం. ఈమాక్స్ టెక్స్టును ఉంచే చోటును బఫర్ అంటారు; తొలి బఫర్ అయిన స్క్రాచ్‌లో టైపు చేసినది ఏ ఫైలుకూ చెందదు కనుక, భద్రపరచమంటారా అన్న ప్రశ్న కూడా రాకుండా ఎడిటర్ మూసుకుపోతుంది, నాలుగు వాక్యాలూ దానితోపాటే పోతాయి. విద్యార్థి చేసినదాంట్లో తప్పేమీ లేదు. పాత వేళ్లు పాత పనే చేశాయి.

ఇటువంటి తడబాటును ముందే ఊహించి పాఠం రాయడం గురించి గట్టి పరిశోధన ఉంది. ఐబీఎంలో జాన్ కారల్, కరోలిన్ కారిథర్స్ 1984లో శిక్షణ చక్రాలు అనే పద్ధతిని వివరించారు. సైకిలు నేర్చుకునే పిల్లలకు వెనుక చక్రానికి ఇరువైపులా బిగించే చిన్న చక్రాల పోలిక అది. వాళ్లు ఒక వర్డ్ ప్రాసెసర్‌లో, కొత్తవారు దారి తప్పి వెళ్లి చిక్కుకుపోయే విభాగాలను ఎంచి, ఎవరైనా వాటిని తాకితే శిక్షణ సమయంలో ఇది అందుబాటులో లేదు అన్న సందేశం మాత్రమే వచ్చేటట్లు చేశారు. అలా మూసిన యంత్రంతో మొదలుపెట్టినవారు పూర్తి యంత్రంతో మొదలుపెట్టినవారికన్నా త్వరగా పని అందుకున్నారు, తప్పుల చిక్కుల్లో పడి గడిపిన సమయమూ తగ్గింది. ఆ తరువాత 1987లో కారల్, మేరీ బెత్ రాసన్ రాసిన పరిశీలన ఇంకా సూటిగా ఉంటుంది: మనుషులు పరికరాన్ని తెరిచేది పని చేసుకోవడానికే తప్ప దాని గురించి చదవడానికి కాదు, నేర్చుకుంటే ముందుముందు లాభమని తెలిసినా ఈ పూట పనే ముందు కనిపిస్తుంది.

ఈమాక్స్‌లో ఈ చక్రాల ఛాయలు ఎప్పటినుంచో ఉన్నాయి. కొన్ని కమాండ్‌లు కొత్తవారిని గందరగోళపరుస్తాయని మొదటి నుంచీ నిలిపివేసి ఉంటాయి. పొరపాటున వాటిని పిలిస్తే, ఇది ఫలానా పని చేస్తుంది, నిజంగా కావాలా అని ఎడిటర్ అడుగుతుంది. బఫర్‌లో ఎంచుకున్న భాగాన్ని మాత్రమే ఉంచి తక్కినదాన్ని కనిపించకుండా చేసే కమాండ్ అందులో ఒకటి, ఎందుకంటే అది చూసిన కొత్తవారు ఫైలంతా చెరిగిపోయిందని హడలిపోతారు. చిత్రమేమిటంటే, పాఠం రాసేవారికి అదే గొప్ప సాధనం. ఒక్కో అభ్యాసం పూర్తయ్యేదాకా తరువాతి భాగం కనిపించకుండా దాచడానికి అంతకన్నా సులువైన దారి లేదు.

కంట్రోల్–ఎక్స్ విషయంలో మాత్రం చక్రాలు బిగించడం కుదరదు, ఎందుకంటే ఈమాక్స్‌లో ఎన్నో కమాండ్‌ల కీలు దానితోనే మొదలవుతాయి. సియుఏ అనే మోడ్ ఒక మధ్యేమార్గం చూపుతుంది: టెక్స్టు ఎంచుకుని ఉన్నప్పుడు ఆ కీలు కట్, కాపీగా పనిచేస్తాయి, లేనప్పుడు పాత పద్ధతిలోనే నడుస్తాయి. దాన్ని తొలి పాఠంలో వాడాలా వద్దా అన్న వాదన ఈమాక్స్ వాడేవారి మధ్య ఎప్పటికీ ముగియదు. నేను వాడమనే పక్షం కాను, కానీ పాఠం మొదటి తెరలోనే ఒక మాట చెప్పి తీరాలి: ఏ కమాండ్ మధ్యలో చిక్కుకున్నా కంట్రోల్–జి నొక్కితే బయటపడతారు. బావిలోకి దిగేవాడికి ముందు తాడు ఎక్కడుందో చూపించాలి, తరువాతే నీళ్ల సంగతి.

ఒప్పు ఎలా తెలుస్తుంది

అభ్యాసం ఇచ్చాక అది సరిగా చేశారో లేదో ఎవరు చెప్పాలి అన్నది పాఠ నిర్మాణంలో అన్నిటికన్నా లోతైన చిక్కు. ఈమాక్స్ పాఠం ఈ బాధ్యత తీసుకోదు. చేసి చూడండి అంటుంది, చేశారో లేదో పట్టించుకోదు. విమ్‌తో వచ్చే విమ్‌ట్యూటర్ కొంచెం ముందుకు వెళ్లింది. కొలరాడో స్కూల్ ఆఫ్ మైన్స్‌లో మైకేల్ పియర్స్, రాబర్ట్ వేర్ రాసిన ఆ పాఠాన్ని విమ్‌కు అనుగుణంగా మార్చినది బ్రామ్ మూలెనార్. సుమారు 30 నిమిషాలలో పూర్తవుతుందని ముందే చెబుతుంది, అసలు ఫైలు పాడవకుండా దాని నకలు తెరుస్తుంది. అందులోని అభ్యాసాలలో చాలా భాగం కావాలని చెడగొట్టిన వాక్యాలు: ఆవు చందమామ మీదుగా దూకింది అన్న ఇంగ్లీషు వాక్యంలో అక్షరాలు అదనంగా పడి ఉంటాయి, వాటిని ఒక్కొక్కటిగా తీసేసి వాక్యం బాగుచేయాలి. వాక్యం బాగుపడిందో లేదో చదివితే తెలిసిపోతుంది కాబట్టి తప్పొప్పులు చెప్పే గురువు అక్కరలేదు. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత చక్కని దిద్దుబాటు ఏర్పాటు నేను ఇంకెక్కడా చూడలేదు.

విమ్ నుంచి పుట్టిన నియోవిమ్ వచ్చేసరికి యంత్రమే దిద్దడం మొదలుపెట్టింది. పాఠం ఫైలుకు తోడుగా ఇంకొక చిన్న ఫైలు ఉంటుంది; అందులో ఏ వరుసలో చివరికి ఏ టెక్స్టు ఉండాలో రాసి ఉంటుంది. వాడుకరి ఆ వరుసను దిద్దగానే, ఉండవలసినదానితో సరిపోలితే పక్కన ఉన్న తప్పు గుర్తు ఒప్పు గుర్తుగా మారుతుంది. చూడడానికి ఎంతో తేలికైన పని. కానీ ఇదే పద్ధతిని ఆలోచించకుండా ఇంకొక పాఠానికి ఎత్తుకుంటే, ఎవరైనా పైన ఒక వరుస అదనంగా చేర్చగానే కింది వరుసల సంఖ్యలన్నీ జరిగి, ఒప్పు చేసినా తప్పు అని చూపే ప్రమాదం ఉంటుంది. ఈమాక్స్‌లో మార్కర్లు, ఓవర్లేలు ఉన్నది ఇందుకే. అవి వరుస సంఖ్యకు కాకుండా టెక్స్టుకు అంటుకుని, టెక్స్టు ఎటు జరిగితే అటు జరుగుతాయి.

ఇంతకన్నా పెద్ద ప్రశ్న ఇంకొకటి ఉంది: దిద్దవలసింది ఫలితాన్నా, దారినా? మాట తీసేయమని అడిగితే, మెటా–డి (చాలా కీబోర్డులలో మెటా అంటే ఆల్ట్ కీ) ఒక్కసారి నొక్కి తీసేసినవారికీ, బ్యాక్‌స్పేస్ 6 సార్లు కొట్టి తీసేసినవారికీ ఫలితం ఒక్కటే. ఫలితం చూసి ఒప్పు అంటే రెండవవారు ఏమీ నేర్చుకోకుండానే ముందుకు వెళతారు. దారి చూసి ఒప్పు అంటే, అదే పనిని మెనూ నుంచి చేసినవారికో తన సొంత కీతో చేసినవారికో అన్యాయం జరుగుతుంది. ఈమాక్స్‌లో ప్రతి కమాండ్ పూర్తయ్యాక నడిచే పోస్ట్–కమాండ్–హుక్ అనే ఏర్పాటు ఉంది, ఇప్పుడు నడిచిన కమాండ్ ఏదో చెప్పే చరరాశి ఉంది. ఈ రెండిటితో కీ ఏమిటన్నది వదిలేసి, ఏ ఫంక్షన్ నడిచిందో చూడవచ్చు. అది సరైన మధ్యస్థానమని నాకు తోస్తుంది, ఎందుకంటే నేర్పవలసిన వస్తువు కూడా ఫంక్షనే. బ్యాక్‌స్పేస్ కొట్టినవారికి తప్పు అనడం బాగుండదు. పని అయింది, అయితే ఇదే పనిని ఒక్క దెబ్బతో చేసే కమాండ్ ఒకటి ఉంది, మళ్లీ ప్రయత్నిస్తారా అంటే చాలు.

ఆ హుక్‌లో ఒక గుంట కూడా ఉంది. అందులో పెట్టిన ఫంక్షన్‌లో ఏదైనా లోపం తలెత్తితే, ప్రతి కీకీ అదే లోపం మళ్లీ మళ్లీ రాకుండా ఈమాక్స్ ఆ ఫంక్షన్‌ను హుక్ నుంచి తీసేస్తుంది. ఎడిటర్ బతకడానికి అది అవసరమే. కానీ పాఠం చదివేవారి వైపు నుంచి చూస్తే, దిద్దే గురువు చెప్పాపెట్టకుండా గదిలోంచి వెళ్లిపోయినట్లే. వాళ్లు అభ్యాసం సరిగ్గానే చేసి, రాని ఒప్పు గుర్తు కోసం చూస్తూ కూర్చుంటారు. కాబట్టి దిద్దే ఫంక్షన్ తన లోపాలను తానే పట్టుకుని, ఈ అభ్యాసాన్ని దిద్దలేకపోయాను, ముందుకు వెళ్లండి అని చెప్పే విధంగా రాయాలి.

గుమాస్తాలకు తెలియకుండా నేర్పిన ప్రోగ్రామింగ్

ఇప్పుడు మూడవ పని. ఈమాక్స్ పాఠం నిడివి మొత్తంలో ఒక్క లిస్ప్ వాక్యం కూడా రాయించదు. కర్సర్ కదలికలు, చెరపడం, ఫైళ్లు, బఫర్లు, వెతకడం, విండోలు అన్నీ అయ్యాక, దాదాపు చివర్లో, మరింత సహాయం పొందడం అన్న భాగం వస్తుంది. కంట్రోల్–హెచ్ కె అంతకుముందే ఒకసారి కనిపిస్తుంది గానీ, అదనపు విండో ఎలా మూయాలో చూపడానికి ఆ విండోను తెప్పించే సాకుగా మాత్రమే. తనను తాను వివరించుకునే ఎడిటర్ అన్నది ఈమాక్స్ ప్రసిద్ధి. స్టాల్‌మన్ 1981 పత్రం శీర్షికలోనే ఆ విశేషణం ఉంది. తొలి పాఠంలో ఆ గుణానికి దక్కింది మాత్రం చివరి బెంచీ. నేను రాసే పాఠమైతే కంట్రోల్–జి తరువాత రెండవ అభ్యాసం ఇదే: కంట్రోల్–హెచ్ కె నొక్కి, మీకు నచ్చిన ఏదైనా కీ గురించి అడగండి. మూడవది: ఇప్పుడు ఎ అక్షరం గురించి అడగండి.

అక్కడినుంచి ప్రోగ్రామింగ్‌కు ఎంత దూరమన్న ప్రశ్నకు చరిత్రలో మంచి జవాబు ఒకటి ఉంది. మల్టిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద బెర్నీ గ్రీన్‌బర్గ్ లిస్ప్‌లో ఒక ఈమాక్స్ రాశారు. ఆయన కార్యాలయంలోని సెక్రటరీలు దాన్ని వాడుతూ, దానికి కొత్త కమాండ్‌లు రాయడం కూడా నేర్చుకున్నారని స్టాల్‌మన్ ఒక ప్రసంగంలో చెప్పారు. వాళ్లకు ఇచ్చిన పుస్తకంలో ఈమాక్స్‌ను ఎలా విస్తరించాలో ఉంది గానీ, అది ప్రోగ్రామింగ్ అని ఎక్కడా లేదు. ప్రోగ్రామింగ్ తమ వల్ల కాదని నమ్మినవారికి, తాము చేస్తున్నది ప్రోగ్రామింగేనని తెలియలేదు కాబట్టి భయం కలగలేదు.

ఈ మెలకువను నేటి పాఠంలోకి తేవడానికి కీబోర్డు మాక్రో అనువైన మెట్టు. 20 పేర్ల జాబితా ఉంది, ఒక్కో వరుసలో ఒక్కో పేరు. ప్రతి పేరుకు ముందు శ్రీ అని, చివర కామా చేర్చాలి. మొదటి వరుసలో ఎఫ్ 3 నొక్కి రికార్డింగ్ మొదలుపెట్టి, కంట్రోల్–ఎ తో వరుస మొదటికి వెళ్లి శ్రీ అని టైపు చేసి, కంట్రోల్–ఇ తో చివరికి వెళ్లి కామా పెట్టి, కంట్రోల్–ఎన్ తో కింది వరుసకు దిగి, ఎఫ్ 4 తో ఆపాలి. ఇంకొకసారి ఎఫ్ 4 నొక్కితే రెండవ వరుస దానంతటదే సిద్ధమవుతుంది. కంట్రోల్–యు 18 కొట్టి ఎఫ్ 4 నొక్కితే మిగిలిన 18 వరుసలు రెప్పపాటులో పూర్తవుతాయి. పెళ్లి పత్రికల మీద పేర్లు రాసిన ఇంట్లో ఎవరికైనా దీని విలువ వేరే చెప్పనక్కరలేదు. పైగా ఈ అభ్యాసంలో మొదటి పాఠాల కీలన్నీ ఒక నిజమైన పని కోసం తిరిగి వస్తాయి. అంతటితో ఆగకుండా ఆ మాక్రోకు ఒక పేరు పెట్టి, ఇన్సర్ట్–కెబిడి–మాక్రో అనే కమాండ్ నడిపితే, వేళ్లు చేసిన పనే లిస్ప్ వాక్యంగా బఫర్‌లో ప్రత్యక్షమవుతుంది. నేర్చుకునేవారు చూసే మొదటి ప్రోగ్రామ్ వాళ్లు రాసినదే అయి ఉంటుంది.

తెలుగులో రాయబోతే

ఈమాక్స్ పాఠం ఫ్రెంచి, జపనీస్, థాయ్, హీబ్రూ వంటి చాలా భాషలలో ఉంది, తెలుగులో లేదు. కంట్రోల్–హెచ్ హెచ్ నొక్కితే ప్రపంచ భాషల పలకరింపుల పేజీ వస్తుంది. అందులో తెలుగు వరుసలో నమస్కారం అని ఉంటుంది, అంతవరకే. ఎవరైనా పూనుకుని అనువదించబోతే, మాటలకన్నా ముందు అభ్యాసాలే అడ్డం తిరుగుతాయి.

కంట్రోల్–ఎఫ్ ఒక అక్షరం ముందుకు, కంట్రోల్–యు 8 కంట్రోల్–ఎఫ్ 8 అక్షరాలు ముందుకు అని మూలంలో ఉంటుంది. తెలుగులో అక్షరం అంటే ఏమిటి? స్త్రీ అన్నది మన కంటికి ఒక్క అక్షరం, యూనికోడ్ లెక్కలో 6 సంకేతాలు: మూడు హల్లులు, రెండు పొల్లులు, ఒక గుడి దీర్ఘం. ఆ మాట మొదట్లో కర్సర్ పెట్టి కంట్రోల్–ఎఫ్ ఒకసారి నొక్కితే, ముక్కల మధ్య నిలబడకూడదన్న సవరణ వల్ల కర్సర్ మొత్తం అక్షరం దాటిపోతుంది. కానీ సంఖ్య ఇచ్చి ఒకేసారి 8 జరగమంటే లెక్క సంకేతాలలో జరిగి, చివరికి మాత్రమే సవరణ పడుతుంది. విడివిడిగా 8 సార్లు నొక్కినప్పుడు చేరే చోటు వేరు, 8 అని చెప్పి ఒకసారి నొక్కినప్పుడు చేరే చోటు వేరు. ఆ రెండూ ఒకటే అని నేర్పడానికి రాసిన అభ్యాసం తెలుగులో అబద్ధమవుతుంది. బ్యాక్‌స్పేస్ కూడా స్త్రీని ఒక్క దెబ్బకు తీసేయదు. ముందు దీర్ఘం పోయి స్త్ర అవుతుంది, తరువాత ఒక్కో ముక్క ఊడుతుంది. అందువల్ల అభ్యాసపు వాక్యాలను తెలుగులోకి మార్చడం తప్పు అని నేననను, కానీ సంఖ్యలతో కూడిన చోట సంయుక్తాక్షరాలు లేని మాటలు ఎంచుకోవాలి, గుణింతం కూడా లేకపోతే మరీ మంచిది: వల, పలక, కడవ.

కీబోర్డు ఇంకొక సమస్య. కంప్యూటర్ సెట్టింగులలో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక ఎంచుకుని ఉంటే, చాలా చోట్ల కంట్రోల్–ఎన్ నొక్కినప్పుడు ఈమాక్స్‌కు ఎన్ అందదు, ఆ కీ మీద ఉన్న తెలుగు అక్షరం అందుతుంది. అలాంటి కమాండ్ లేదు అన్న జవాబు వస్తుంది. కీబోర్డును ఇంగ్లీషులోనే ఉంచి, ఈమాక్స్ లోపలే ఉన్న తెలుగు ఇన్‌స్క్రిప్ట్ గానీ, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాయించే ఐట్రాన్స్ గానీ వాడితే ఈ చిక్కు ఉండదు, ఎందుకంటే ఆ పద్ధతి మామూలు అక్షరాలనే మారుస్తుంది, కంట్రోల్‌తో వచ్చినవాటిని వదిలేస్తుంది. కాబట్టి తెలుగు పాఠంలో కర్సర్ కదలికలకన్నా ముందే కంట్రోల్–బ్యాక్‌స్లాష్‌తో ఈ పద్ధతిని తెరవడం, మూయడం నేర్పక తప్పదు. ఇక కీలలోని ఆనవాళ్లు: ఎన్ అంటే నెక్స్ట్, పి అంటే ప్రీవియస్, ఎఫ్ అంటే ఫార్వర్డ్. వాటిని తరువాతి, మునుపటి అని అనువదించి ఊరుకుంటే కీ గుర్తుండే దారే తెగిపోతుంది. ఇంగ్లీషు మాటను తెలుగు లిపిలో అలాగే ఉంచడం ఇక్కడ బద్ధకం కాదు, అవసరం. కిల్ అన్న మాటను చంపు అని అనువదించే ఉత్సాహాన్ని కూడా అక్కడే ఆపుకోవాలి.

చివరి అభ్యాసం మాత్రం పూర్తిగా తెలుగులో ఉండవచ్చు. ఉత్తరాల మీద రోజూ తేదీ వేసేవారికి, నేటి తేదీని చొప్పించే రెండు వరుసల ఫంక్షన్ ఒకటి స్క్రాచ్ బఫర్‌లో రాయించవచ్చు. లిస్ప్‌లో ప్రతి ఫంక్షన్‌కూ అది ఏమి చేస్తుందో చెప్పే వాక్యం ఒకటి జతచేయవచ్చు. అక్కడ నేర్చుకునేవారు తమకు నచ్చిన మాట రాస్తారు, ఈ రోజు తేదీ వేస్తుంది అనో మరొకటో. ఆ ఫంక్షన్‌ను నడిపి, కంట్రోల్–సి తరువాత డి అన్న కీకి కట్టాలి. కంట్రోల్–సి తరువాత వచ్చే విడి అక్షరాలను వాడుకరుల కోసమే వదిలిపెట్టడం ఈమాక్స్ ఆనవాయితీ కాబట్టి, దేనితోనూ గొడవ రాదు. ఇక పాఠం రెండవ అభ్యాసంలో అడిగిన ప్రశ్ననే మళ్లీ అడగమనాలి: కంట్రోల్–హెచ్ కె, ఆపైన కంట్రోల్–సి, డి. కర్సర్‌ను కదిపే కమాండ్ గురించి ఏ విండోలో, ఏ తీరులో జవాబు వచ్చిందో, అదే విండోలో, అదే తీరులో, ఈ కీ ఫలానా కమాండ్‌ను నడుపుతుంది అన్న వాక్యం కింద వాళ్లు రాసిన తెలుగు వాక్యం కనిపిస్తుంది.